రీలు చివర నాలుగు నిమిషాలు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి, ఇంటర్నేషనల్ సిటీలో నేనుండే గదిలో నాలుగు ముద్దలు తిని, నడుం వాల్చి ఫోను చూస్తూ ఉంటే, ఎవరో ఇంగ్లండు యువకుడు పాత టెలివిజన్ కార్యక్రమాల గురించి మాట్లాడే వీడియో ఒకటి ఎదురైంది. వాళ్ల దేశంలో టెలివిజన్ కొత్తగా వచ్చిన రోజుల్లో వేసిన హాస్య నాటికల్లో ఇప్పుడు ఆనవాలు కూడా మిగలనివాటిని వరసగా చెప్పుకుంటూ పోతున్నాడు. ఐదోదాని దగ్గర ఒక నలుపు తెలుపు ఫొటో చూపించాడు. బస్‌స్టాపులో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఇద్దరి మీదా ఒకే గొడుగు. నేను లేచి కూర్చున్నాను. దాని పేరును మన మాటల్లో చెప్పాలంటే ‘ఇంకా ఆరు రోజులు’. మొత్తం పదమూడు భాగాలు వచ్చాయట, ఆ తర్వాత ఆ టేపుల మీదే వేరే కార్యక్రమాలు రికార్డు చేసుకున్నారట, అందుచేత అందులో ఒక్క నిమిషం కూడా ఈ లోకంలో లేదట.

ఆ లెక్క తప్పు. నాలుగు నిమిషాలు మిగిలింది. బొమ్మ లేదు, శబ్దం మాత్రమే. విన్నవాళ్లం ముగ్గురం, అందులో ఇద్దరం కడప జిల్లావాళ్లం. ఈ సంగతి ఆ యువకుడికి రాద్దామని ఒక క్షణం అనుకున్నాను గానీ రాయలేదు, ఎందుకంటే ఆ నాలుగు నిమిషాలు నావి కావు. మీతో పేర్లు లేకుండా చెప్పుకోవడంలో తప్పు లేదనిపించింది. క్యాసెట్టు లోపల టేపు వదులైతే పెన్సిలు దూర్చి తిప్పిన వేళ్లు మీవి కూడా కదా.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాదు, పదో తరగతి తప్పాను. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్పుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ ఒక కార్గో గోదాములో పని. అట్టపెట్టెల గుట్టను చూసి, ఇది ఇరవై అడుగుల కంటైనరులో పడుతుందా, నలభై అడుగులది కావాలా, ఏది అడుగున పెట్టాలి, ఏది పైన పెట్టాలి అని చెప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు అదంతా కంప్యూటరే చెబుతుంది, అయినా మా ముదీర్, అంటే మేనేజరు, కంప్యూటరు చెప్పినదాన్ని ఒకసారి నాకు చూపించిగానీ తలుపు వేయించడు. గోదాముకు ముందు, అంటే నేను దుబాయ్‌కి వచ్చిన మొదటి ఏడేళ్లు, డేరాలో అబ్రా పడవలు ఆగే రేవుకు దగ్గర్లో టేప్‌రికార్డర్లు అమ్మే కొట్టులో ఉన్నాను. అమ్మడం ఇంకొకరి పని, పాడైపోయి వెనక్కి వచ్చినవాటిని విప్పి చూడడం నా పని. ఏది ఎదురుగా ఉన్నా దాని పొడవూ వెడల్పూ బరువూ ఎంతో తెలుసుకుంటేగానీ నాకు స్థిమితం ఉండదు. నా భార్య దాన్ని జబ్బు అంటుంది.

ఇక కరోనా వచ్చిన ఏడాది సంగతి. అప్పటికి ఆరేళ్లుగా నా భార్య ఒక ఇంగ్లీషు పెద్దావిడ విల్లాలో పని చేస్తూ ఉండేది. పొద్దున బస్సులో పోయి సాయంత్రానికి వచ్చేసేది. ఆ పెద్దావిడకు ఎనభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. ఆమె భర్త ఎప్పుడో ఖోర్ ఫక్కాన్ రేవు పనులకు ఇంజనీరుగా వచ్చి, తర్వాత దుబాయ్‌లోనే స్థిరపడి, కరోనాకు ముందటి ఏడాది పోయాడు. కూతురు ఇంగ్లండులో ఉంది. రోడ్లు మూసేస్తారని తెలిసిన రోజు ఆ పెద్దావిడ, నువ్వు రోజూ వస్తూ పోతూ ఉంటే ఇద్దరికీ ప్రమాదం, ఇక్కడే ఉండిపో అన్నదని, నా భార్య రెండు జతల బట్టలు సర్దుకొని వెళ్లింది. రెండు వారాలనుకున్నది నూట నాలుగు రోజులైంది.

సరుకులు ఆగకూడదు కాబట్టి మా గోదాము మూయలేదు. రోడ్డు మీదికి రావడానికి ఫోన్లో అనుమతి తీసుకోవలసిన రోజులు పోయి, కాస్త వెసులుబాటు వచ్చాక, నేను పని దిగి ఆ విల్లా వీధికి నడిచి వెళ్లడం మొదలుపెట్టాను. రెండు వేల మూడు వందల అడుగుల దూరం. చేతిలో కరివేపాకో, రెండు మామిడికాయలో ఉండేవి, ఊరికే వచ్చానని చెప్పుకోవడం ఇష్టం లేక. గేటుకు అవతల ఆమె, ఇవతల నేను, మధ్య రెండు మీటర్లు.

“ఏం బావా, ఈ ఈడులో ఆడోళ్ల గేటు కాడ నిలబడ్తే నలుగురూ ఏమనుకుంటారు?” అనేది.

“నలుగురు యాడుండారే రోడ్డు మింద? మాస్కు గూడా ఉండాది, నన్నెవురు గుర్తుపడ్తారు?”

“నిలబడేది చూస్తే తెలీదా? గజంబద్ద మింగినోని మాదిరి నిలబడ్తావు.”

మామ కూతురు, పెళ్లై ఇరవై నాలుగేళ్లు, పెళ్లికి ఎదిగిన కూతురు ఊళ్లో ఉంది, అయినా ఆ గేటు దగ్గర మాట్లాడుకోవడానికి మాకు కొత్తగా ఏవో దొరికేవి. ఒక ఐదారు నిమిషాలు కాగానే మేడ మీది కిటికీ తెరుచుకొని, ఆ పెద్దావిడ తనకు వచ్చిన హిందీలో “యల్లా, బస్ ఆ గయా!” అని కేకేసి నవ్వేది. అక్కడ బస్సూ లేదు, బస్సు వచ్చే వీధీ కాదు. ముసలామెకు మతి చలించిందేమో అని నేను భయపడ్డాను. అడిగి చెప్పవే అని భార్యతో అన్నాను. మర్నాడు గేటు దగ్గర ఆమె నాకు ‘ఇంకా ఆరు రోజులు’ కథ చెప్పింది.

కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక పట్నంలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇద్దరూ వేరు వేరు ఊరి చివర్లలో పని చేస్తారు, కలుసుకోవడానికి దొరికేది శనివారం ఒక్కటే. ఆ శనివారం కూర్చోవడానికి చోటుండదు. అబ్బాయి ఇంట్లో అమ్మానాన్నా ఉంటారు, అమ్మాయి ఇంట్లో మేనత్త ఉంటుంది, పార్కులో వాన, హోటల్లో ఎదుటి బల్ల దగ్గర ఇద్దరిలో ఒకరి మేనేజరు. ప్రతి భాగంలోనూ చివరికి ఆ బస్‌స్టాపుకే చేరతారు, చెప్పుకోవలసిన అసలు మాట నోటి దాకా వచ్చేసరికి బస్సు వచ్చేస్తుంది. అమ్మాయి మెట్టు ఎక్కి వెనక్కి తిరిగి ఇంకా ఆరు రోజులు అంటుంది. అంతే. దానికి ఆ దేశం నవ్విందట. ఆ వయసులో పెద్దావిడ కూడా పడీపడీ నవ్విందట. వాళ్ల వీధిలో టెలివిజన్ ఉన్నది వీళ్లింట్లోనే కాబట్టి, ప్రతి శనివారం సాయంత్రం ఒక అబ్బాయి ఆ నాటిక చూసే వంకతో వచ్చి, వాళ్లమ్మ పక్కన కూర్చొని చూసి, టీ తాగి వెళ్లేవాడట. ఖోర్ ఫక్కాన్ ఇంజనీరు ఆ అబ్బాయే.

నా భార్య చెప్పడం ముగించి “మన క్యాసెట్టు మాదిర్నే గదా బావా” అన్నది. నేను కరివేపాకు ఆమె వైపు జరిపాను.

ఆ క్యాసెట్టు సంగతి ఇప్పటివాళ్లకు చెప్పాలంటే కష్టం, మీకు చెప్పనక్కర్లేదు, అయినా చెబుతాను. నాకు నిశ్చితార్థం అయిన ఏడాది మా మామవాళ్ల ఊళ్లో ఫోన్ లేదు. ఉత్తరాలు రాయడానికి నాకు మాటలు రావు. అప్పట్లో మన గల్ఫువాళ్లందరూ చేసినట్టే ఒక అరవై నిమిషాల క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి పోయేవాళ్ల చేత పంపేవాణ్ని. వాళ్లు విని, దాని మీదే మొదటి నుంచి జవాబు మాట్లాడి, వచ్చేవాళ్ల చేత పంపేవాళ్లు. ఒకటే క్యాసెట్టు అటూ ఇటూ తిరిగేది. కొత్తది కొనుక్కోలేక కాదు, నేనుండేదే క్యాసెట్ల కొట్టులో. వెళ్లిన డబ్బాలోనే జవాబు రావాలని ఒక మర్యాద, కూర తెచ్చిన గిన్నెను ఖాళీగా ఇవ్వకూడదన్నట్టు. అదీ కాక, ఖాళీ టేపు పంపడం అంటే చెప్పడానికి మాటలు లేవని అర్థం. అందుకని రెండు వైపులూ చివరంటా నింపాల్సిందే.

మన ఇళ్లలో క్యాసెట్టు అంటే ఒకరిది కాదు. మామ, అత్త, జేజి, పక్కింటివాళ్లు, అందరూ టేప్‌రికార్డరు చుట్టూ కూర్చొని వినేవాళ్లు. కాబట్టి నేను వానల గురించీ, మామ మోకాళ్ల గురించీ, డేరాలో ఒక అబ్రాలో ఎంతమంది పడతారన్న దాని గురించీ చెప్పుకుంటూ పోయి, రెండో వైపు చివరికి వచ్చేసరికి “ఇంక అందరికీ సలాం” అనేవాణ్ని. ఆ మాట వినగానే పెద్దవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేవాళ్లు. ఎవరూ చెప్పింది కాదు, అందరికీ తెలుసు. సలాం తర్వాత మిగిలిన ఆ రెండు నిమిషాలూ ఆ పిల్లవి. ఆమె పంపినప్పుడూ అంతే. ఇక్కడ గదిలో మేం తొమ్మిది మందిమి, సలాం వినబడగానే ఒకడు స్నానానికీ, ఒకడు టీ పెట్టడానికీ లేచేవాళ్లు. నేను చెవి ఆనించి ఆ రెండు నిమిషాలు వినేవాణ్ని. పదకొండు నెలల్లో క్యాసెట్టు ఏడుసార్లు వెళ్లి ఆరుసార్లు వచ్చింది.

సరే, పెద్దావిడ దగ్గరికి వస్తాను. విమానాలు మళ్లీ మొదలయ్యాక ఆమె కూతురు, ఇంక నువ్వు అక్కడ ఒంటరిగా ఉండడానికి వీల్లేదని టికెట్టు తీసింది. సామాను సర్దుతూ ఉంటే స్టోర్‌రూములో భర్త పాత వస్తువుల కింద చక్రాల టేప్‌రికార్డరు ఒకటి, పక్కనే అట్టపెట్టెలో ఒక రీలు బయటపడ్డాయి. పెద్దావిడ ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకొని కదలకుండా కూర్చుండిపోయిందని, నన్ను రమ్మంటోందని నా భార్య ఫోన్ చేసింది. అప్పటికి ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుంది.

నేను మొదటిసారి గేటు దాటి లోపలికి వెళ్లాను. పెద్దావిడ మాస్కు పెట్టుకొని బల్లకు ఆ చివర కూర్చొని నెమ్మదిగా చెప్పింది, అర్థం కాని చోట నా భార్య అందుకుంది. ఆ రోజుల్లో ఒకసారి చూసిన నాటికను మళ్లీ చూసే దారి లేదు. అందుకని ఆమె టెలివిజన్ ముందు మైకు వేలాడదీసి రికార్డు చేసుకొని, వారమంతా వినేదట. ఇది ఆఖరి భాగం. అది వస్తూ ఉండగా, వాళ్లమ్మ టీ పెట్టడానికి లోపలికి లేచి వెళ్లిన ఆ కాసేపట్లో, ఆ అబ్బాయి ఈమెను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. అతను అడగడం పూర్తి కాకముందే ఈమె ఒప్పేసుకుంది. అరవై ఏళ్లుగా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పిన కథ. టేపు తిరుగుతూ ఉంది కాబట్టి ఆ మాట ఇందులో ఉండాలి. భర్త గొంతు ఉన్నది ఇంకేదీ తన దగ్గర లేదు, ఆయన వీడియోలకు సిగ్గుపడే మనిషి. వెళ్లేలోగా అది ఒక్కసారి వింటే చాలు అన్నది.

నేను పెట్టె తిప్పి చూశాను. వెనక అట్ట మీద సిరాతో నాటిక పేరు ఉంది, దాని మీద పెన్సిలుతో అడ్డగీత, గీత కింద పెన్సిలుతోనే ఇంకో మాట. ఆమెకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకొని చదివి, షార్ట్‌హ్యాండ్ అన్నది. పెళ్లికి ముందు షార్ట్‌హ్యాండ్ పరీక్షకు కూర్చుందట, సాధన కోసం తండ్రి చేత పాఠాలు చదివించి రికార్డు చేసుకుందట. ఏ రీలు మీద చేసిందో ఆమెకు ఈ అరవై ఏళ్లూ గుర్తు లేదు.

నా భార్య నా వైపు చూసింది, ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు. నాకు చేతనయ్యేది ఒకటే. పాఠాలు ఎన్ని అని అడిగాను. పరీక్షకు ఐదు, ఒక్కొక్కటి ఐదు నిమిషాలు అని చెప్పింది. మధ్యలో కాగితం తిప్పుకోవడానికీ, గొంతు సవరించుకోవడానికీ ఒక నిమిషం వేసుకున్నాను. ఇరవై ఆరు. నాటిక సరిగ్గా అరగంట. మీద రికార్డు చేసినది కింద ఉన్నదాని కంటే పొట్టిదైతే, కిందిదాని తోక మిగిలిపోతుంది. నాలుగు నిమిషాలు ఉండాలమ్మా అన్నాను. అమ్మ టీకి లేచింది నాటిక మొదట్లోనా, చివర్లోనా అని అడిగితే, ఎప్పుడూ చివర్లోనే, నాటిక అవుతూనే టీ ఉండాలి అన్నది. ఉంటే అందులోనే ఉండాలి, లేకపోతే లేదు.

యంత్రంలో బెల్టు కరిగి జిగురైపోయింది. డేరాలో నాకు తెలిసిన కొట్లన్నీ ఎప్పుడో ఫోన్ల కొట్లైపోయాయి. సైకిలు ట్యూబును ఉంగరంలా సన్నగా కోసి వేశాను. వేగం సరిగా ఉందో లేదో చూడాలి, లేకపోతే మనిషి గొంతు ఆడగొంతో, బొంగురుగొంతో అయిపోతుంది. ఆ యంత్రం సెకనుకు మూడు ముప్పావు అంగుళాల టేపు లాగాలి, అంటే పది సెకన్లకు ముప్ఫై ఏడున్నర అంగుళాలు. యంత్రంతో పాటే వచ్చిన ఒక ఖాళీ రీలు మీద కొలిచి రెండు చోట్ల సుద్దగీతలు పెట్టి, ఫోన్లో సెకన్లు చూస్తూ, ట్యూబు ముక్కను మూడుసార్లు మార్చి కోశాను. ఆరు సాయంత్రాలు పట్టింది. అసలు రీలు ఎండిన తమలపాకులా ఉంది. ఒక్కసారే ఆడుతుంది, రెండోసారికి నేను పూచీ పడలేను అని చెప్పాను. పెద్దావిడ తలూపింది. నా ఫోను యంత్రం పక్కన పెట్టి రికార్డు చేస్తాను అంటే మొదట వద్దన్నది, తర్వాత చెయ్యి అన్నది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, సాయంత్రం నాలుగింటికి వేశాం. మొదట ఒక పెద్దమనిషి గొంతు, మీ ఉత్తరం అందింది, సరుకు వచ్చే వారం పంపుతున్నాం అని ఒకే శ్రుతిలో చదువుతోంది. ఆమె తండ్రి. ఐదు పాఠాలూ విన్నాం, ఎవరం కదల్లేదు. టేపు రెండు చోట్ల తెగబోయి తెగలేదు. ఇరవై ఆరు నిమిషాల పది సెకన్లకు టక్కుమని చప్పుడైంది, పెద్దమనిషి గొంతు మాయమై, దూరంగా వాన చప్పుడు, జనం నవ్వు వచ్చాయి.

జనం నవ్వు టెలివిజన్‌లోది. దానికంటే దగ్గరగా, మైకు పక్కనే, ఒక మగగొంతు ఏదో మాట చివర పలికింది. ఆ మాట మొదలు షార్ట్‌హ్యాండు కింద పోయింది. వెంటనే ఒక ఆడపిల్ల గొంతు, బుసకొట్టినట్టు, “ష్! టేపు తిరుగుతోంది” అన్నది. మగమనిషి ముక్కుతో చిన్నగా నవ్వాడు. ఆ తర్వాత మూడు నిమిషాల ముప్ఫై సెకన్ల పాటు నాటికే. అబ్బాయీ అమ్మాయీ బస్‌స్టాపులో మాట్లాడుకుంటూ ఉంటారు, బస్సు వస్తుంది, వాళ్లు చూసుకోరు, బస్సు వెళ్లిపోతుంది, జనం చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలో మైకు పక్కన ఒక మనిషి ఊపిరి తీసుకోవడం, కుర్చీ ఒకసారి కిర్రుమనడం. మాట లేదు. అతను ఆ పిల్ల రికార్డింగు పాడు కాకూడదని కాచుకొని కూర్చున్నాడు. ముగింపు సంగీతం వచ్చింది. సంగీతం ఆగీ ఆగకముందే కుర్చీ మళ్లీ కిర్రుమంది, అతను ఆమె పేరు పిలిచాడు. పేరు మాత్రమే. టేపు కొస చక్రం నుంచి ఊడి టపటపా కొట్టుకుంది.

నేను యంత్రం ఆపేశాను. పెద్దావిడ ఏడుస్తుందనుకున్నాను. ఆమె మాస్కు కిందికి లాగి, నోటి మీద చెయ్యి పెట్టుకొని నవ్వింది, చాలాసేపు నవ్వింది. నేను ఒప్పుకోలేదు, నోరు ముయ్యమన్నాను అన్నది. అరవై ఏళ్లుగా అందరికీ తప్పు కథ చెబుతున్నాను, ప్రతిసారీ ఆయన పక్కనే కూర్చొని విన్నాడు, ఒక్కసారి కూడా దిద్దలేదు అన్నది. అప్పుడు ఏడ్చింది. నా భార్య వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది, రెండు మీటర్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నా ఫోనులోని రికార్డింగు ఆమె ఫోనుకు పంపి, నా దాంట్లోంచి తీసేశాను. ఆమె అడగలేదు, నాకే అది సబబనిపించింది.

మర్నాడు నా భార్య తన పెట్టె అడుగు నుంచి మా క్యాసెట్టు తీసుకొచ్చింది. ఇన్నేళ్లుగా అది ఆమెతో ఉందని నాకు తెలుసుగానీ, గదిలో వినడానికి యంత్రం లేక ఆ ఊసే ఎత్తలేదు. పెద్దావిడ హాల్లో క్యాసెట్లు వేసే మ్యూజిక్ సిస్టమ్ ఉంది. దాని ముందు మమ్మల్ని కూర్చోబెట్టి, ఏదో పనున్నట్టు ఆమె తోటలోకి వెళ్లిపోయింది. ఆవిడకు ఎవరు చెప్పారో.

ఏడోసారి ఆ క్యాసెట్టు మీద మాట్లాడింది నేను. దాన్ని నేనే ఊరికి తీసుకుపోయాను, పెళ్లి అయిపోయింది, ఇంక జవాబు అవసరం లేకపోయింది. కాబట్టి పైన నా గొంతు ఉంటుందని తెలుసు. నా ఆశ తోక మీద. సలాం తర్వాత ఆమె చెప్పుకున్న ఆ రెండు నిమిషాల్లో ఏ పది సెకన్లైనా నా మాటల అవతల మిగిలి ఉండకపోతాయా అని. రెండో వైపు వేసి, ముందుకు తిప్పి, ఇరవై ఏడో నిమిషం దగ్గర ఆపాను.

ఇరవై ఐదేళ్ల వాడొకడు మాట్లాడుతున్నాడు. డేరా నుంచి అవతలి ఒడ్డుకు అబ్రా ఎన్ని నిమిషాల్లో చేరుతుందో, గాలి ఎదురైతే ఎన్ని నిమిషాలు ఎక్కువ పడుతుందో చెబుతున్నాడు. నా భార్య కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతోంది. తర్వాత అందరికీ సలాం అన్నాడు. గొంతు తగ్గించాడు. నీ రెండు నిమిషాలు నాలుగుసార్లు విన్నాను అన్నాడు. “నువ్వు అడిగినదానికి సరే. రెండిటికీ సరే. మాటిస్తున్నా” అన్నాడు. ఆ తర్వాత గాలి ఎట్లుంది, రాత్రి ఏం తిన్నాను అంటూ, ఒక్క అంగుళం కూడా వృథా పోకూడదన్నట్టు, టేపు కొసదాకా మాట్లాడాడు. టక్కుమంది. అవతల ఏమీ లేదు.

ఏమడిగింది? నాకు గుర్తు లేదు. ఆ క్యాసెట్టు ఏడుసార్లు ఏయే నెలల్లో ఎవరెవరి చేత వెళ్లిందో, ఒక్కొక్కసారి ఎన్ని రోజులు పట్టిందో ఇప్పటికీ చెప్పగలను. ఆ పిల్ల ఆ రెండు నిమిషాల్లో ఏం మాట్లాడిందో ఒక్క వాక్యం రావడం లేదు.

“ఏమడిగింటివే?” అన్నాను.

“తుడిపేసింది నువ్వు. నన్నడుగుతావా?”

“నిజ్జంగా గుర్తు లేదు మే. ఏందా రెండు?”

ఆమె క్యాసెట్టు బయటికి తీసి, కొంగుతో తుడిచి, డబ్బాలో పెట్టుకుంది. “ఒగటి చేసినావులే. రెండోది ఇంగా లేదు” అన్నది. అంతకు మించి చెప్పలేదు. నేను అడుగుతూనే ఉన్నాను. తోటలోంచి పెద్దావిడ వచ్చేసింది.

పెద్దావిడ ఇంగ్లండు వెళ్లిపోయింది. మా ఆవిడకు కఫీల్, అంటే వీసాకు పూచీదారు, ఆమే కాబట్టి వీసా రద్దయింది. ఇంకో ఇల్లు చూసుకుందామంటే ఆ ఏడాది కొత్త మనిషిని ఎవరు రానిస్తారు. ఊరికి పంపించాను. తర్వాత కూతురి పెళ్లి, కాన్పు, ఆ పసిదాని పెంపకం, ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆమె అక్కడే ఉండిపోయింది. నేను వచ్చే ఏడాది వచ్చేస్తానని మూడేళ్లుగా చెబుతున్నాను.

రోజూ ఫోన్లో కనబడుతుంది. ఆ రోజుల్లో ఒక మాట చేరడానికి ఇరవై రోజులు పట్టేది, ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది. కానీ అరవై నిమిషాలు నింపాలని ఎవరి మీదా బలవంతం లేదు. తిన్నావా, తిన్నాను, పాప పడుకుందా, పడుకుంది, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఎవరూ లేచి అవతలికి వెళ్లనక్కర్లేదు, ఎందుకంటే చాటుగా చెప్పుకునేది ఏమీ లేదు. ఆమె పంపిన వాయిస్ మెసేజీలు నా ఫోన్లో వెయ్యికి పైగా ఉన్నాయి, ఒక్కటీ చెరగలేదు. మందులు తెచ్చుకున్నావా, కరెంటు పోయింది, అల్లుడొచ్చినాడు. వాటిలో ఒక్కదానికైనా నేను మాటిచ్చి సరే అన్నట్టు లేదు.

ఆ రెండోది ఏమై ఉంటుందో ఐదేళ్లుగా ఆలోచిస్తున్నాను. అబ్రా ఎక్కించమన్నదేమో అనుకొని అడిగితే, అది ఎప్పుడో ఎక్కినాం గదా అన్నది. మేడ మీద గదేమో, ఇద్దరమే ఎక్కడికైనా పోయి రావడమేమో, తనకు లెక్కలు నేర్పించమన్నదేమో. ప్రతి ఊహకూ తల అడ్డంగా ఊపుతుంది. పోయిన నెల కాస్త గట్టిగానే అడిగాను, ఇప్పుడైనా చెప్తే చేస్తాను కదా అని.

“చెప్తే చేస్తావు బావా, నాకు తెల్దా? ఇన్నేండ్లు చెయ్యలేదే అని కుమిలిపోతావు. అందుకే చెప్పను” అన్నది. పాప ఏడుస్తోందని ఫోన్ పెట్టేసింది.

పంతొమ్మిదేళ్ల పిల్ల ఒకతి, పెద్దవాళ్లు లేచి వెళ్లాక, టేప్‌రికార్డరు మీదికి వంగి, నన్ను రెండు కోరింది. నాలుగుసార్లు విని, మాటిచ్చి, ఆ మాట ఇవ్వడం కోసం ఆ కోరికల మీదే మాట్లాడాను. కొసదాకా నింపకుండా ఒక్క అర నిమిషం ముందు నోరు మూసుకొని యంత్రం ఆపి ఉంటే ఆమె గొంతు అక్కడ ఉండేది. నాటికలోని ఆ అబ్బాయి బస్సు వచ్చిందని మాట మింగేశాడు, ఇంజనీరు టేపు తిరుగుతోందని ఓపిక పట్టాడు. నాకు ఏ బస్సూ రాలేదు, ఎవరూ ఊరుకోమనలేదు. టేపు మిగిలి ఉందని మాట్లాడుతూ పోయానంతే.